చక్రం ఊగుతోందా, ఎగురుతోందా? ఇంటి దగ్గరే బెండు తీసే పద్ధతి

సైకిల్ చక్రం కాస్త ఊగిందంటే చాలు, స్పోక్ కీ తెచ్చి కనపడిన పుల్లనల్లా బిగించేస్తుంటారు. రెండు రోజుల్లో ఆ ఊపు రెట్టింపవుతుంది. ఆ తర్వాత ఒక పుల్ల తెగుతుంది, దాని వెంటే ఇంకోటి. గుంతల రోడ్డు కూడా చెయ్యనంత చెరుపు ఆ కీ చేస్తుంది.

దీనికి ఒక కారణం మన మాటలోనే ఉంది. టైరు సరిగ్గా కూర్చోకపోయినా బెండే అంటాం, కోను వదులైనా బెండే, పుల్ల తెగినా బెండే, గుంతలో పడి రిమ్ము నొక్కుకుపోయినా బెండే. పేరొకటే గానీ వీటికి మందులు వేరు. ఏ భాగం కదులుతోందో తేలకముందు నిప్పిల్ ముట్టుకోకూడదు. చక్రం పనిలో ఇంతకన్నా ముఖ్యమైన మాట లేదు కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

పేర్లు ఒకసారి సరిచూసుకుందాం. పుల్లలంటే స్పోకులు. అవన్నీ వచ్చి చేరే చక్రం మధ్య భాగం హబ్బు, దాని గుండా పోయే కడ్డీ ఇరుసు. ఇరుసు మీద మరకు ఎక్కి, హబ్బులోని బాల్స్‌ను, అంటే ఉక్కు గుండ్లను, ఒత్తి పట్టేది కోను. పుల్ల చివరి మరకు ఎక్కి, రిమ్ము రంధ్రంలోంచి హబ్బు వైపుకు కొద్దిగా బయటికి కనపడే చిన్న ముక్క నిప్పిల్. దానికి నాలుగు పలకలుంటాయి, కీ పట్టేది వాటినే.

కావాల్సిన సామాను పెద్దదేం కాదు. చుట్టూ రకరకాల గాట్లున్న గుండ్రటి స్పోక్ కీ సైకిల్ షాపులో దొరుకుతుంది. మీ నిప్పిల్‌ను ఆడకుండా పట్టే గాటు ఏదో చూసుకుని దాని పక్కన పెయింటు చుక్క పెట్టుకోండి. ఒక్క సైజు పెద్ద గాటు వాడినా నిప్పిల్ మూలలు అరిగి గుండ్రమవుతాయి, ఇక దాన్ని ఏ కీ పట్టదు. ఇవి కాక ఇరుసు నట్టుకు సరిపడే పానా, కోను పట్టే పల్చటి పానా, టైరు ఊడదీసే లీవర్లు, సుద్దముక్క, ఐస్‌క్రీమ్ పుల్ల, రెండు రబ్బరు బ్యాండ్లు, కుట్టుమిషను నూనె దగ్గర పెట్టుకోండి. కొబ్బరినూనె మాత్రం వద్దు. అది రోజులు గడిచేకొద్దీ జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది.

కదులుతున్నదేమిటి?

వాకిట్లో గోనెసంచి పరిచి సైకిల్‌ను సీటు మీద, హ్యాండిల్ మీద తలకిందులుగా నిలబెట్టండి. ముందుగా ఇరుసు నట్లు బిగుతుగా ఉన్నాయా, ఇరుసు రెండు వైపులా గాడి చివరిదాకా కూర్చుందా చూడండి. పంక్చరు వేయించిన మర్నాడే చక్రం ఒక పక్కకు ఒరిగి కనిపిస్తే నూటికి తొంభై వంతులు కారణం ఇదే. నట్టు వదులు చేసి, చక్రాన్ని సరిగ్గా కూర్చోబెట్టి, రెండు వైపులా కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగిస్తే పని అయిపోతుంది.

అది బాగానే ఉంటే ఐస్‌క్రీమ్ పుల్లను ఫోర్కుకు రబ్బరు బ్యాండ్లతో కట్టి, దాని కొన రిమ్ము పక్కకు 2 మి.మీ. దూరంలో ఉండేలా పెట్టండి. వెనక చక్రానికైతే ఫ్రేము కడ్డీకి కట్టండి. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ రిమ్ముకూ ఆ కొనకూ మధ్య సందును మాత్రమే చూడండి. టైరు వైపు చూస్తే కన్ను మోసపోతుంది, ఎందుకంటే అచ్చులోంచి తిన్నగా వచ్చిన టైరు కూడా కాస్తో కూస్తో వంకర ఉంటుంది. సందు ఒకే చోట, ప్రతి చుట్టుకూ తగ్గి పెరుగుతుంటే అది రిమ్ము వంకర. సందు మారకుండా టైరు మాత్రం ఎగురుతుంటే తప్పు టైరుది.

ఇప్పుడు చక్రం ఆపి, రిమ్మును ఫోర్కు దగ్గర పట్టుకుని అటూ ఇటూ ఊపండి. చేతికి టక్ టక్ మని తగిలితే హబ్బులో కోను వదులైంది. చక్రాన్ని ఏ చోట ఆపి ఊపినా ఆ టక్కు ఒకేలా ఉంటుంది, రిమ్ము వంకర మాత్రం ఒక చోటే ఉంటుంది. ఈ తేడా గుర్తుంటే చాలు. ముందు చక్రంలో ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. సైకిల్ మామూలుగా నిలబెట్టి, ముందు బ్రేకు పట్టి, సైకిల్‌ను ముందుకూ వెనక్కూ నెట్టండి. హ్యాండిల్ కింద ఉండే కప్పుల దగ్గర కదలిక తెలిస్తే ఆ వదులు హెడ్డుది, చక్రంతో దానికి సంబంధం లేదు.

వెనక చక్రానికి చైను ఎక్కే ఫ్రీవీల్ సంగతి కూడా చెప్పాలి. తొక్కడం ఆపి చక్రం తిరుగుతుండగా వెనక నుంచి చూస్తే పళ్ళ చక్రం కొంచెం అటూ ఇటూ ఆడుతూ కనిపిస్తుంది. కొత్త సైకిల్లో కూడా అంతే ఉంటుంది. దాన్ని చూసి భయపడి విప్పనక్కర్లేదు. అలాగే డిస్కు బ్రేకు సైకిల్లో ప్రతి చుట్టుకూ ఒకసారి స్‌స్... స్‌స్... అని రాపిడి వినిపిస్తే వంగింది డిస్కు పళ్ళెం, రిమ్ము కాదు.

టైరు వల్ల ఎగిరితే

టైరు పక్కన, రిమ్ము అంచుకు కొంచెం పైగా, చుట్టూతా సన్నటి గీత ఒకటి అచ్చయి ఉంటుంది. అది అలంకారానికి పెట్టింది కాదు. ఆ గీత రిమ్ముకు అన్ని చోట్లా ఒకే ఎత్తులో ఉండాలి. ఒకచోట రిమ్ములోకి మునిగి ఉంటే టైరు అక్కడ లోపలే ఇరుక్కుంది, తిరిగేటప్పుడు ఆ చోట పల్లమైనట్టు ఉంటుంది. ఇంకోచోట బాగా పైకి వచ్చి ఉంటే ట్యూబు మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు, ముఖ్యంగా వాల్వు దగ్గర.

గాలి పూర్తిగా తీసేసి, టైరును రెండు పక్కలా చేత్తో నలిపి, సబ్బు నీళ్ళు అంచు వెంబడి రాయండి. వాల్వును వేలితో లోపలికి నొక్కి వదలండి. కొద్దిగా గాలి కొట్టి, గీత చూసి, సరిచేసి, మళ్ళీ కొట్టండి. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ పీఎస్‌ఐ అంకెను దాటకూడదు. పెట్రోలు బంకు మిషనుతో కొట్టేటప్పుడు మరీ జాగ్రత్త. లారీకి కొట్టే గాలి సైకిల్ ట్యూబుకు రెండు మూడు సెకన్లలోనే ఎక్కువైపోతుంది.

గీత సరిగ్గానే ఉండి టైరు ఒకచోట బొబ్బలా ఉబ్బిందంటే లోపలి దారాలు తెగిపోయాయి. ఎండాకాలంలో తిరుపతి లాంటి ఊళ్ళో రోజంతా ఎండలో నిలబెట్టిన సైకిల్ టైర్లకు పక్కలు బీటలు వారి ఇలా అవుతుంటాయి. దీనికి మందు లేదు, టైరు మార్చాల్సిందే. లోపల పాత టైరు ముక్క పెట్టి నడిపించే అలవాటు ఉంది, అది ఇంటికి చేరడానికి పనికొస్తుందే గానీ రేపటికి నమ్మరాదు. పేలితే ముందు చక్రమే పేలుతుందేమో, చెప్పలేం.

కోను వదులైతే

చైను లేని వైపు నుంచి పని చేయండి. పల్చటి పానాతో కోను కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో బయటి లాక్ నట్టు వదులు చేయండి. కోనును ఎనిమిదో వంతు చుట్టు లోపలికి తిప్పి, లాక్ నట్టు మళ్ళీ బిగించి చూడండి. రిమ్ము ఊపితే టక్కు లేకుండా పోవాలి, చక్రం మాత్రం చేత్తో వదిలితే వాల్వు బరువుకే మెల్లగా కిందికి దిగి ఆగేంత తేలిగ్గా తిరగాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు కోను కూడా కాస్త బిగుస్తుంది కాబట్టి రెండు మూడు సార్లు ప్రయత్నిస్తేనే కుదురుతుంది. బిగువైన కోను వదులు కోనుకన్నా చెడ్డది. బాల్స్ నలిగి, కప్పుల్లో గుంటలు పడతాయి.

తిప్పుతుంటే లోపల గరగరమంటే విప్పక తప్పదు. కింద తెల్లటి గుడ్డ పరచుకోండి, బాల్స్ దొర్లిపోకుండా. సాధారణంగా ముందు హబ్బులో ఒక్కో వైపు 10, వెనక హబ్బులో ఒక్కో వైపు 9 పెద్దవి ఉంటాయి. అయినా మీ హబ్బులోంచి వచ్చినవి లెక్కపెట్టి రాసుకోండి, ఎన్ని వచ్చాయో అన్నే తిరిగి వెళ్ళాలి. కిరసనాయిలుతో కడిగి, కోను మీద బాల్స్ నడిచిన దారిని వేలిగోరుతో గీరి చూడండి. గోరు తట్టుకుంటే ఆ కోను మార్చాలి. బాల్స్ ఒకటీ అరా కాకుండా మొత్తం కొత్తవి వేసి, గ్రీజు నిండుగా పెట్టండి. నవంబరు వానల్లో రైల్వే అండర్‌బ్రిడ్జి కింద మోకాటి లోతు నీళ్ళలోంచి సైకిల్ నెట్టుకొచ్చినవాళ్ళు ఈ పని వాయిదా వెయ్యొద్దు. హబ్బులోకి నీళ్ళు చేరితే గ్రీజు పాలరంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత తుప్పు మొదలవుతుంది.

విప్పినప్పుడే ఇరుసును గాజుపలక మీద దొర్లించండి. వంగి ఉంటే ఒక చోట కింద వెలుగు కనిపిస్తుంది. వెనక ఇరుసులు బరువు మోసే సైకిళ్ళలో ఎక్కువగా వంగుతాయి. కొట్టి సరిచేసిన ఇరుసు త్వరలోనే విరుగుతుంది, కొత్తది వేయండి.

పుల్లల గొంతు వినాలి

రిమ్ము వంకరే అని తేలితే అప్పుడు పుల్లల దగ్గరికి రండి. ఒక్కొక్క పుల్లను గోటితో మీటుతూ చక్రం చుట్టూ వెళ్ళండి. ఒకే వైపు పుల్లలన్నీ దాదాపు ఒకే మోత పలకాలి. వెనక చక్రంలో చైను వైపు పుల్లలు ఎక్కువ బిగువుగా ఉంటాయి కాబట్టి మోత హెచ్చుగా ఉంటుంది, అది సహజం. చైను వైపును చైను వైపుతోనే, అవతలి వైపును అవతలి వైపుతోనే పోల్చాలి.

మిగతావి టింగుమంటుండగా ఒకటి డబ్ అని మందంగా పలికితే అది వదులైంది. దాని మీద సుద్దతో గీత పెట్టండి. ఇలా చుట్టూ వెళ్ళాక చూస్తే, వదులు పుల్లలున్న చోటా రిమ్ము పక్కకు పోయిన చోటా చాలాసార్లు ఒకటే అవుతాయి. అది మంచి వార్త, చక్రం తేలిగ్గా దారికొస్తుంది. పుల్లలన్నీ ఒకే మోత పలుకుతూ కూడా రిమ్ము వంకరగా ఉందంటే ఇనుమే వంగింది. అలాంటి రిమ్మును పుల్లలతో లాగి తిన్నగా నిలబెడితే, అక్కడ కొన్ని పుల్లలు మరీ బిగువై, కొన్ని చచ్చినట్టు వదులై, కొద్ది రోజుల్లో తెగుతాయి.

చాలామందికి ఆశ్చర్యంగా ఉండే సంగతి, పుల్లలు ఎక్కువగా తెగేది బిగువు వల్ల కాదు, వదులు వల్ల. వదులు పుల్ల హబ్బు రంధ్రం దగ్గరి వంపులో ప్రతి చుట్టుకూ ఒకసారి సడలి మళ్ళీ లాగబడుతుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే అది అక్కడే తెగుతుంది. పాకాల, పూతలపట్టు వైపు వెనక క్యారియర్‌కు పాల క్యాన్లు కట్టుకుని తిరిగే సైకిళ్ళకు ఈ మాట మరీ వర్తిస్తుంది. 20 లీటర్ల క్యాను చెరో వైపు ఉంటే పాల బరువే 41 కిలోలు, పైన మనిషి. ఒకటే క్యాను ఒక పక్కకు కట్టి నడిపితే ఇంకా చేటు, చక్రానికి పక్క నుంచి వచ్చే ఒత్తిడి తట్టుకునే బలం తక్కువ.

తెగిన పుల్ల దొరికితే ముక్కను షాపుకు తీసుకెళ్ళి అంతే పొడవు, అంతే మందం ఉన్నది తెండి. 2 మి.మీ. తేడా కూడా తేడానే. కొత్తదాన్ని హబ్బు రంధ్రంలో దూర్చేటప్పుడు పక్క పుల్లను చూడకండి, అది ఎదురు దిశకు పోతుంది. అదే వైపు హబ్బు అంచులో ఒకటి విడిచి రెండోది ఎటు పోతోందో, తల లోపలికి ఉందో బయటికి ఉందో, ఎన్ని పుల్లలను దాటి చివరిదాన్ని ఏ పక్క నుంచి తాకుతూ పోతోందో చూసి అచ్చం అలాగే పెట్టండి. చైను వైపు పుల్ల తెగితే ఫ్రీవీల్ అడ్డం వస్తుంది, దాన్ని ఊడదీసే పుల్లరు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. ఆ ఒక్క పనికి షాపుకు వెళ్ళడమే మేలు, సుత్తి ఉలితో కొడితే ఫ్రీవీల్ పాడవుతుంది.

దారిలో తెగితే ఆ ముక్కను పక్క పుల్లకు చుట్టేసి, దానికి రెండు పక్కలా ఉండి అవతలి వైపు హబ్బుకు పోయే పుల్లలను అర చుట్టు వదులు చేయండి. రిమ్ము కొంత మధ్యకు వస్తుంది. బరువు దించేసి, మెల్లగా ఇంటికి చేరండి. చేరాక ఆ వదులు చేసినవాటిని మరిచిపోకండి.

బెండు తీయడం

పుల్లలు చేసేది లాగడమే, నెట్టడం వాటికి చేతకాదు. హబ్బు కుడి అంచుకు పోయే పుల్లలు రిమ్మును కుడికి, ఎడమ అంచుకు పోయేవి ఎడమకు లాగుతాయి. రెండూ కలిసి లోపలికి కూడా లాగుతాయి. ఈ రెండో సంగతి మరిచినవాళ్ళే వంకర తీయబోయి ఎగురుడు, అంటే రిమ్ము పైకీ కిందికీ ఆడడం, తెచ్చుకుంటారు. అందుకని ఒక వైపు పావు చుట్టు బిగిస్తే, దాని పక్కనున్న ఎదుటి వైపు పుల్లను పావు చుట్టు వదులు చేయండి. రిమ్ము పక్కకు జరుగుతుంది, ఎత్తు మారదు.

ఏ వైపు తిప్పితే బిగుస్తుందో అన్నది చాలామందిని తికమక పెడుతుంది. పని చేసే చోటును ఎప్పుడూ చక్రం పైకొచ్చేలా తిప్పుకోండి. టైరు మీదుగా కిందికి, హబ్బు వైపు చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే బిగుస్తుంది, ఎదురు దిశలో వదులవుతుంది. చక్రం కింది భాగంలో పై నుంచి చూస్తూ పని చేస్తే ఇదంతా తిరగబడుతుంది, అందుకే అక్కడ చేయకండి.

మొదలుపెట్టే ముందు ప్రతి నిప్పిల్‌కూ రెండు చోట్ల నూనె చుక్క వేయండి. ఒకటి పుల్ల నిప్పిల్‌లోకి దిగే చోట, ఇంకోటి నిప్పిల్ రిమ్మును తాకే చోట. తుప్పు పట్టి ఉంటే రాత్రంతా వదిలేయండి. నూనె రిమ్ము పక్కలకు పాకితే పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి, లేకపోతే బ్రేకు పట్టదు.

సుద్దముక్కను ఫోర్కు కాలికి చెయ్యి ఆనించి గట్టిగా పట్టుకుని, చక్రం తిప్పుతూ మెల్లగా రిమ్ముకు దగ్గరగా తీసుకురండి. రిమ్ము ఎక్కడ ఆ పక్కకు ఎక్కువగా వచ్చిందో అక్కడ మాత్రం చారిక పడుతుంది. ఆ చారిక పొడవులో మధ్యనున్న పుల్లలే మీవి. చారిక కుడి పక్కన పడిందంటే ఆ మధ్యలో ఎడమ అంచుకు పోయే పుల్లను అర చుట్టు బిగించి, దాని రెండు పక్కలనున్న కుడి పుల్లలను పావు పావు వదులు చేయండి. చారిక చివరలకు పోయేకొద్దీ తగ్గించండి. మధ్యలో అర, ఆ పక్క పావు, చివర ఎనిమిదో వంతు. చారిక తుడిచి, తిప్పి, మళ్ళీ సుద్ద పెట్టి చూడండి.

అర చుట్టు తక్కువనిపిస్తుంది. 2 మి.మీ. పుల్ల మీద మరలు అంగుళానికి 56, అంటే ఒక నిండు చుట్టుకు నిప్పిల్ కదిలేది 0.45 మి.మీ. మాత్రమే. అయినా నాలుగు పుల్లలు అంతంత కదిలితే రిమ్ము ఎంత మారుతుందో సుద్ద చూపిస్తుంది. ఒకేసారి నిండు చుట్టు తిప్పేవాళ్ళ చక్రం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఊగుతూనే ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద వంకరతో మొదలుపెట్టండి. అది సగానికి తగ్గగానే వదిలి తర్వాతి పెద్దదానికి వెళ్ళండి. ఒక చోటును పూర్తిగా తీర్చి ముందుకు పోదామనుకుంటే పక్క చోట కొత్త వంకర పుడుతుంది.

ఎన్నెన్ని పుల్లలుంటాయో తెలిస్తే లెక్క తేలిక. పాత నల్ల సైకిళ్ళలో ముందు 32, వెనక 40. ఇప్పటి చాలా సైకిళ్ళలో రెండింటికీ 36. వాల్వు దగ్గర మొదలుపెట్టి చుట్టు పూర్తి చేసి మళ్ళీ వాల్వు దగ్గరికే రండి, ఎక్కడున్నామో మరిచిపోరు.

నిప్పిల్ తిరుగుతుంటే దాంతోపాటు పుల్ల కూడా మెలి తిరగడం తరచూ జరుగుతుంది. కీ తిరిగింది గానీ మర తిరగలేదన్నమాట. పుల్లకు చిన్న టేపు ముక్క జెండాలా అంటించండి, జెండా తిరిగితే పుల్ల మెలిపడుతోంది. అలాంటి చోట కావాల్సినదానికన్నా ఎనిమిదో వంతు ఎక్కువ తిప్పి, అంతే వెనక్కి తీసుకురండి. పని అయ్యాక పక్కపక్కగా సమాంతరంగా పోయే పుల్లలను జతలుగా గుప్పిట్లో పట్టి గట్టిగా నొక్కుతూ చుట్టూ వెళ్ళండి. మిగిలిన మెలికలు టక్ మని వదులుతాయి, పుల్లల తలలు హబ్బు రంధ్రాల్లో సర్దుకుంటాయి. తర్వాత సుద్ద మళ్ళీ పెడితే కొద్దిగా తేడా కనిపిస్తుంది, దాన్ని సరిచేయండి. ఇది చేయకుండా ఎక్కితే మొదటి కిలోమీటరులోనే ఆ టింగు టింగులన్నీ రోడ్డు మీద వినిపిస్తాయి, బెండు మళ్ళీ మొదటికొస్తుంది.

ఎంత వరకు తీయాలి? రిమ్ము పక్కలను పట్టే బ్రేకులున్న సైకిల్లో 1 మి.మీ. లోపుకు వస్తే చాలా బాగుంది. కడ్డీ బ్రేకుల పాత సైకిల్లో రబ్బర్లు రిమ్ము లోపలి ముఖాన్ని, అంటే హబ్బు వైపు ముఖాన్ని పడతాయి, కాబట్టి పక్క వంకర 2 మి.మీ. ఉన్నా నడుస్తుంది. అక్కడ ఎగురుడే బాధ పెడుతుంది. బ్రేకు పట్టినప్పుడల్లా లాగి వదిలినట్టు ఉంటుంది. రిమ్ము అతుకు దగ్గర చిన్న ఉబ్బు ఉంటే దాన్ని వెంటాడకండి, అది తయారీలోనే వచ్చింది.

ఎగురుడు తీయడం

ఇది టైరు ఊడదీసి చేయాల్సిన పని. ఐస్‌క్రీమ్ పుల్లను ఈసారి ఫోర్కు రెండు కాళ్ళకూ అడ్డంగా, రిమ్ము బయటి అంచుకు కొంచెం ఎడంగా కట్టండి. చక్రం తిరుగుతుంటే రిమ్ము ఆ ఐస్‌క్రీమ్ పుల్ల వైపుకు వచ్చే చోటు మిట్ట, దూరంగా పోయే చోటు పల్లం.

మిట్ట దగ్గర కుడి పుల్ల ఒకటి, ఎడమ పుల్ల ఒకటి జతగా తీసుకుని రెండింటినీ సమానంగా అర చుట్టు బిగించండి. రిమ్ము లోపలికి దిగుతుంది, పక్కకు పోదు. పల్లం దగ్గర అలాగే జతగా వదులు చేయండి. ఎగురుడుకు పక్క వంకరకన్నా ఎక్కువ చుట్లు పడతాయి, అందుకే పెద్ద ఎగురుడు ఉంటే ముందు దాన్నే తగ్గించి, తర్వాత వంకర తీసి, మళ్ళీ ఎగురుడు చూడాలి. రెండింటి మధ్యా మూడు నాలుగు సార్లు తిరిగితే గానీ చక్రం ఒప్పుకోదు. 1 మి.మీ. లోపుకు వచ్చాక ఆపేయండి, టైరు అంతమాత్రం మింగేస్తుంది.

గుంతలో పడి నొక్కుకున్న రిమ్ము సంగతి వేరు. గాలి తక్కువగా ఉన్న టైరుతో గుంత అంచును కొడితే రిమ్ము అక్కడ లోపలికి దిగిపోతుంది, పక్క అంచులు బయటికి విచ్చుకుంటాయి. పుల్లలు లోపలికి లాగగలవే గానీ బయటికి నెట్టలేవు కదా, కాబట్టి వదులు చేసినంత మేర రిమ్ము దానంతట అది లేస్తేనే లేచినట్టు. ఉక్కు రిమ్ము అంచు కొంచెం విచ్చుకుంటే సర్దుబాటు పానాతో పట్టి కొద్దికొద్దిగా లోపలికి వంచవచ్చు. అల్యూమినియం రిమ్ముతో ఆ ప్రయత్నం చేయకండి, చీలిపోతుంది. నిప్పిల్ రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగులు కనిపించినా, పక్క వంకర ఒక సెంటీమీటరు దాటినా రిమ్ము మార్చేయండి. పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగేటప్పుడు అలాంటి రిమ్మును నమ్ముకోకూడదు.

మధ్యకు ఉందా?

వెనక చక్రం తిన్నగా తిరుగుతూనే ఫ్రేము మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉండొచ్చు. రిమ్ముకూ చైను పక్క కడ్డీకీ మధ్య సందు, అవతలి కడ్డీకీ మధ్య సందు కొలిచి రాసుకోండి. చక్రాన్ని ఊడదీసి తిరగేసి పెట్టండి, చైను ఎక్కించనక్కర్లేదు. ఇంతకుముందు ఏ కడ్డీకి దగ్గరగా ఉందో ఇప్పుడు దాని ఎదుటిదానికి దగ్గరైతే తప్పు చక్రంలో ఉంది. అదే కడ్డీకి దగ్గరగా ఉండిపోతే వంగింది ఫ్రేము. చక్రంలో తప్పైతే రిమ్ము ఎటు జరగాలో ఆ వైపు పుల్లలన్నింటినీ పావు చుట్టు బిగించండి. అవి ఇప్పటికే బాగా బిగువుగా ఉంటే ఎదుటి వైపువి పావు చుట్టు వదులు చేయండి.

టైరు ఎక్కించే ముందు

రిమ్ములో టైరు కూర్చునే వైపు వేలు పోనివ్వకుండా కంటితో చూడండి. బిగించిన పుల్లల కొనలు నిప్పిల్ తల దాటి పైకి పొడుచుకొచ్చి ఉంటే వాటిని ఆకురాయితో సమంగా అరగదీయాలి. ఒక నిప్పిల్‌ను రెండు చుట్లకు మించి బిగించినప్పుడు దీన్ని తప్పకుండా చూడాలి. బెండు తీయించిన రెండో రోజే కారణం తెలియని పంక్చరు పడిందంటే, చిల్లు ట్యూబు లోపలి వైపు, హబ్బుకు దగ్గరగా ఉందంటే, అది ఈ కొనల పనే. రిమ్ టేపు చినిగి ఉంటే కొత్తది వేయండి.

బ్రేకులు మళ్ళీ సర్దుకోండి, ఊగే చక్రానికి తగ్గట్టు వదులు చేసి ఉంటారు కదా. 40, 50 కిలోమీటర్లు తిరిగాక సైకిల్‌ను మరోసారి తలకిందులు చేసి పుల్లల మోత వినండి. ముఖ్యంగా కొత్తగా వేసిన పుల్ల ఈపాటికి కొంచెం సాగి, సర్దుకుని, మోత తగ్గి ఉంటుంది. అదే వైపు పుల్లల మోత అందేదాకా దాన్ని ఎనిమిదో వంతు చొప్పున బిగించి, సుద్ద ఒక్కసారి పెట్టి చూడండి.